అత్తయ్యగారి పాటల పెట్టె

గ్రైండరు ఎలా ఎంచుకోవాలి, కుక్కరు గాస్కెట్ ఎన్నాళ్లకి మార్చాలి, నాన్‌స్టిక్ పెనం ఎప్పుడు పారెయ్యాలి... ఇలాంటివన్నీ మనం చెప్పుకున్నాం. ఈ వారం ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. ఖరీదంటారా, కిలో నెయ్యీ అరకిలో జీడిపప్పూ కొన్నంత. కానీ దాన్ని సరిగ్గా కొనడానికి నాకు ఏడాది పట్టింది. మధ్యలో ఒకసారి డబ్బు తగలేశాను కూడా.

మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. మామయ్యగారు ఉన్న రోజుల్లో కొన్న టేపురికార్డరు పూజగది పక్కన గూట్లో ఉండేది. ముఖం కడుక్కుని వచ్చి మీట నొక్కితే ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఘంటసాలగారి భగవద్గీతో, పాత సినిమా పాటలో. మామయ్యగారు పోయాక ఆ గూటి దగ్గరే ఎక్కువ సేపు కూర్చునేవారు.

ఆ టేపురికార్డరు కాస్తా మూలపడింది. లోపల రబ్బరు బెల్టు సాగిపోయిందిట. "దీనికి బెల్టు ఇప్పుడెక్కడ దొరుకుతుందమ్మా" అని రిపేరు చేసే అబ్బాయి చేతులెత్తేశాడు.

"ఫోనుందిగా నానమ్మా, ఏ పాట కావాలంటే ఆ పాట పెడతా" అన్నాడు మా పెద్దాడు. పెట్టాడు కూడా, ఓ పదిహేను రోజులు. మధ్యలో ప్రకటనలు. పాట సగంలో వాడికి ఫోను వచ్చేది. వాడు కాలేజీకి వెళితే ఫోనూ వాడితోనే వెళ్లేది. నా ఫోను ఇస్తే ఆవిడకి అద్దం మీద ఎక్కడ నొక్కాలో కనబడదు. కంటి ఆపరేషను అయింది కానీ సన్న అక్షరాలు ఇంకా ఆనవు.

కొన్నాళ్లకి అత్తయ్యగారు పాటలు పెట్టమని అడగడం మానేశారు. ఆవిడకి ఆసక్తి తగ్గిందేమో అనుకున్నాం మేమంతా. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక పని తగ్గిందనే అనిపించింది.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం. మా వీధి చివర గుళ్లో మైకు పెట్టారు. గిన్నెలు తోముకుందామని పెరట్లోకి వెళ్లేసరికి చీకట్లో అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. బట్టలుతికే బండ మీద చెయ్యి ఆనించి, గుడివైపు చెవి పెట్టి. పాట అయిందాకా కదల్లేదు. "ఇక్కడేం చేస్తున్నారత్తయ్యా, దోమలు కుడుతున్నాయి" అన్నాను. "ఏం లేదే అమ్మాయ్, పాట వస్తోంటేనూ" అన్నారు. కాసేపాగి, "పిల్లాణ్ణి ఎన్నిసార్లని అడగను చెప్పు" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా చిన్నప్పుడు మా అన్నయ్యకి ఒక వాక్‌మన్ ఉండేది. సోనీ వాళ్లు 1979లో మొదలుపెట్టిన ఆ బుల్లి టేపు పెట్టె మా ఊరికి వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. "పాడుచేస్తావ్, ముట్టుకోకు" అనేవాడు. ఇంటర్ అయిందాకా నేను అడిగినప్పుడల్లా అదే మాట. తరువాత పెళ్లయింది. ఇంట్లో ఏ పాట మోగితే అదే నా పాట. మన ఆడవాళ్లలో చాలామంది సంగతి ఇంతే కదా! ఇంకొకరు పెట్టిన పాట వినడమే గాని, మనం మీట నొక్కి విన్న రోజులెన్ని?

మొదటిసారి బోల్తా

మర్నాడే కొనేద్దామనుకున్నాను. మా తెనాలిలో ఎగ్జిబిషను పెడితే అందులో 550 రూపాయలకి ఒక బ్లూటూత్ డబ్బా తెచ్చాను. రంగు రంగుల లైట్లు, చిన్న హ్యాండిలు, చూడ్డానికి ముద్దొచ్చేలా ఉంది. పెట్టె మీద పేరు చదువుదామంటే అక్షరాలే సరిగ్గా లేవు.

మర్నాడు నాలుగున్నరకి అత్తయ్యగారు మీట నొక్కారు. లోపల్నించి ఒకావిడ ఇంగ్లీషులో వీధంతా వినబడేలా ఏదో అరిచింది. బ్లూటూత్ సిద్ధంగా ఉందని చెప్పడం అట అది! అందరం ఉలిక్కిపడి లేచాం. "ఎవరే ఆవిడ, పొద్దున్నే?" అని అత్తయ్యగారు కంగారుపడ్డారు. అది తగ్గించుకునే వీలు కూడా లేదు దాంట్లో.

అసలు బాధ అది కాదు. ఆ డబ్బాలో శబ్దం పెంచే మీట, తరువాతి పాటకి వెళ్లే మీట ఒకటే. ఒకసారి నొక్కి వదిలితే పాట మారుతుంది, నొక్కి పట్టుకుంటే శబ్దం పెరుగుతుంది. వణికే వేళ్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆవిడ శబ్దం పెంచుకుందామని నొక్కితే పాట మారిపోయేది. గీత ఒక శ్లోకం దగ్గర ఉండగా ఇంకేదో వచ్చేది. ఆవిడ మళ్లీ పిల్లాణ్ణి పిలవాల్సి వచ్చేది. రెండు నెలలకి చార్జింగు నిలవడం మానేసింది. విప్పి చూస్తే బ్యాటరీ ఉబ్బి ఉంది. మార్చడానికి వీల్లేకుండా అతికించేశారు.

నేను చేసిన పొరపాటు ఇప్పుడు నాకు బాగా తెలుస్తోంది. వాడే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి నేను వెళ్లి కొన్నాను. చెప్పుల కొలత తీసుకోకుండా చెప్పులు కొన్నట్టు.

రెండోసారి అత్తయ్యగారితోనే

ఈసారి ఆవిణ్ణి రైలెక్కించి విజయవాడ తీసుకెళ్లాను. గవర్నరుపేటలో మూడు దుకాణాలు తిరిగాం. ప్రతి దాన్నీ ఆవిడ చేతికిచ్చి, "కళ్లు మూసుకుని నొక్కి చూడండత్తయ్యా" అన్నాను. దుకాణం అబ్బాయి నవ్వాడు. నవ్వితే నవ్వనీ. మొదటి నాలుగూ ఆవిడ చేతికి లొంగలేదు. అయిదోది లొంగింది. 1,350 రూపాయలు. మేము అక్కడ తెలుసుకున్నవీ, ఇంటికొచ్చాక మా పెద్దాడు చెప్పినవీ కలిపి మీకు చెబుతాను.

మీటలు: శబ్దానికి గుండ్రంగా తిప్పే మరమీట ఉంటే ఎంతో నయం. పాట మార్చే మీట దానికి వేరుగా ఉండాలి. మీటలు ఉబ్బెత్తుగా, వేలికి తగిలేలా ఉండాలి. నున్నటి అద్దంలాంటి మీటలున్నవి పెద్దవాళ్లకి వద్దే వద్దు.

ఆపినచోటు గుర్తుందా: ప్రవచనాలూ పురాణాలూ ఒక్కోటి గంటన్నర ఉంటాయి. కరెంటు మీట ఆపి మళ్లీ వేస్తే ఆపినచోటి నుంచి మొదలవుతుందో, మొదటి పాట నుంచి వస్తుందో దుకాణంలోనే పరీక్షించండి. ఈ ఒక్కటీ చూసుకోక బాధపడేవాళ్లు చాలామంది.

రేడియో: ఎఫ్ఎం అని మాత్రమే రాసుంటే దాంట్లో మీడియం వేవ్ స్టేషన్లు రావు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వినే స్టేషను ఎందులో వస్తుందో ముందు కనుక్కోండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. దాంతో పాటే పెరిగిన తరం మా అత్తయ్యగారిది. ఆవిడకి రేడియో లేని పెట్టె పెట్టే కాదు. బయటికి లాగే ఏరియల్ పుల్ల ఉందేమో చూడండి. చవక డబ్బాల్లో చార్జింగు తీగనే ఏరియల్‌గా వాడతారు. తీగ పీకగానే గరగర.

కార్డు: పాటలు ఎక్కించే మెమరీ కార్డు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోకండి. మామూలు ఎంపీ3 పాటకి నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది. అయిదు నిమిషాల పాటకి అయిదు ఎంబీ. ఆ లెక్కన 8 జీబీ కార్డులో దాదాపు 1,600 పాటలు పడతాయి. రోజుకి ఇరవై విన్నా రెండున్నర నెలలు. పైగా ఇలాంటి చిన్న పెట్టెలు చాలావరకు 32 జీబీ దాకానే తీసుకుంటాయి. 64 జీబీ కార్డు పెడితే కొన్ని అసలు చదవవు. బండి మీద అమ్మే చవక కార్డుల జోలికి వెళ్లకండి. పైన 64 అని ఉన్నా లోపల ఎనిమిదే ఉండచ్చు.

వరుస: కొన్ని పెట్టెలు పాటల్ని పేరు వరుసలో వినిపించవు, కార్డులోకి ఎక్కించిన వరుసలో వినిపిస్తాయి. అందుకని పొద్దున వినేవి ముందు ఎక్కించాలి. మా పెద్దాడు మేము ఇన్నేళ్లుగా కొన్న సీడీల నుంచి పాటలు తీసి మూడు అరలుగా పెట్టాడు. మొదటి దాంట్లో సుప్రభాతం, స్తోత్రాలు. రెండోదాంట్లో గీత, ప్రవచనాలు. మూడోదాంట్లో లీల, సుశీల, ఘంటసాల.

బ్యాటరీ: విప్పి మార్చుకునే బ్యాటరీ ఉన్నది తీసుకోండి. పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ రకం కొన్నిటికి సరిపోతుంది, అది విడిగా దొరుకుతుంది. బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ ఆప్‌లో పిల్లల చేత చూపించుకోవచ్చు. రాత్రంతా చార్జింగులో వదిలెయ్యకండి, దిండు కింద అసలు పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కద్దు, గుచ్చద్దు, చెత్తబుట్టలో వెయ్యద్దు. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్యండి.

శబ్దం: పెట్టె మీద వేసే పెద్ద పెద్ద వాట్ల అంకెలకి మోసపోకండి. ఒక గదికి మూడు నుంచి అయిదు వాట్లు చాలు. పరీక్షల రోజుల్లో పిల్లలు చదువుకుంటారు కాబట్టి ఇయర్‌ఫోను పెట్టే రంధ్రం ఉంటే ఇంటికి శాంతి. కానీ ఇయర్‌ఫోను పెట్టుకుని శబ్దం పూర్తిగా పెంచెయ్యకూడదు. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు, పిల్లలకి 75 డెసిబెల్స్‌లో 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంట్లో కొలిచే యంత్రాలు ఉండవు కదా. పక్కనుంచి మనం మామూలుగా పిలిస్తే వినబడకపోతే శబ్దం ఎక్కువైనట్టే అనుకోండి.

పాటలు నింపి అమ్మేవి: సారెగమ వాళ్లు 2017లో అయిదు వేల పాటలు ముందే నింపిన కారవాన్ పెట్టె తెచ్చారు. తరువాత తెలుగు పాటలవీ వచ్చాయి. కార్డూ కంప్యూటరూ తెలియని ఇంటికి అవి సుఖం. ఖరీదు మాత్రం నేను కొన్నదానికి పైమాటే. లోపల నింపిన పాటల్ని మార్చుకోలేం కూడా. అందుకని కొనేముందు జాబితా తెప్పించుకుని, మీవాళ్లు వినే పాటలు అందులో ఉన్నాయో లేదో గుర్తు పెట్టుకుంటూ చదవండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఇక్కడేనా, ఇంకో ఊరు పంపాలా అని అడిగి, దాన్ని బిల్లు మీదే రాయించుకోండి.

ఒక చిన్న చిట్కా

ఇంటికొచ్చాక కూడా మొదట్లో అత్తయ్యగారు చీకట్లో మీటలు తడుముకునేవారు. నా బొట్టు బిళ్లల అట్ట నుంచి రాళ్ల స్టిక్కరు ఒకటి తీసి పాట మొదలయ్యే మీట మీద అతికించాను. రేడియో మీట మీద రెండు చిన్నవి. వేలికి రాయి తగలగానే ఏది ఏదో తెలిసిపోతుంది. నెలకోసారి ఊడితే ఇంకోటి అతికిస్తాను. మిక్సీకీ వాషింగ్ మెషీనుకీ కూడా ఇలా అతికించి చూడండి, చూపు ఆనని పెద్దవాళ్లకి పనికొస్తుంది.

ఇది కొని ఇప్పటికి అయిదు నెలలైంది. మొన్న మధ్యాహ్నం పడుకుని లేచేసరికి గూట్లోంచి నేనెప్పుడూ వినని పాట వినిపిస్తోంది. కార్డులో ఉన్నది కాదు. "ఇదెవరు పెట్టారత్తయ్యా?" అన్నాను. "ఎవరు పెట్టాలే! నేనే తిప్పుకున్నా. ఏదో కొత్త స్టేషను" అన్నారు, మీట మీంచి చెయ్యి తియ్యకుండానే.

నేనూ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. రెండు పాటలయ్యాక, నాకు తెలిసిన పాటేదైనా వస్తుందేమోనని మీట వైపు చెయ్యి చాపాను. ఆవిడ పెట్టెని నెమ్మదిగా తన వైపు జరుపుకున్నారు.

"నువ్వూ ఒకటి తెచ్చుకోవే అమ్మాయ్. ఇది నాది" అన్నారు.

నవ్వొచ్చింది గానీ, ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఈ నెల పాలవాడి లెక్క, చీటీ డబ్బు పోగా ఏమైనా మిగిలితే ఇంకోసారి గవర్నరుపేట వెళ్లి రావాలి. ఈసారి కళ్లు మూసుకుని మీటలు నొక్కి చూసేది నేనే.

మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా అడగడం మానేశారేమో ఒకసారి చూసుకోండి. మీరు కొన్నవాటి మంచిచెడ్డలు కూడా నాకు రాయండి. వచ్చే వారం వర్షాకాలంలో పప్పులకీ రవ్వకీ పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకుందాం.