బ్యాంకుల నడుమ బ్రోకరుకు చోటెంత?

ఉప్పాడ జాందానీ నేతగాడు ముద్ర రుణానికి వెళ్తే ఆధార్, పాస్‌బుక్కు, చేనేత గుర్తింపు కార్డు అన్నీ కౌంటరు మీద పెట్టాలి. మగ్గం ఆడుతోందా లేదా అని కూడా ఆరా తీస్తారు. తీయాల్సిందే. ఆ డబ్బు డిపాజిటర్లది. మరి బ్యాంకులు తమలో తాము కోట్లు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఆ ఆరా ఏమవుతుంది?

1991లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు యూకో బ్యాంకుకు కాల్ మనీ పేరిట 40 కోట్లు ఇచ్చింది. కాల్ మనీ అంటే తాకట్టు లేని చేబదులు, బ్యాంకుకు బ్యాంకు పేరే పూచీ. ఆ సొమ్ము మాత్రం యూకో బొంబాయి హమామ్ స్ట్రీట్ శాఖలో స్టాక్ బ్రోకరు హర్షద్ మెహతా ఖాతాలోకి చేరింది. కాగితం మీద అప్పు బ్యాంకుది, వాడుకున్నది బ్రోకరు. అది నేరమేనని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2009 వచ్చింది. మెహతా 2001 ఆఖరులోనే చనిపోయాడు.

రెడీ ఫార్వర్డ్ పేరుతో నడిచిన తంతు ఇంకా ఘోరం. బాండ్లు అమ్మినట్టు, కొన్నాళ్లకు తిరిగి కొన్నట్టు రాసుకునేవారు. అసలుకు అదీ అప్పే. బాండ్ల బదులు రశీదులు చేతులు మారేవి. బ్యాంక్ ఆఫ్ కరాడ్ వంటివి వెనక ఏమీ లేకుండానే రశీదులు రాసిచ్చాయి. 1992లో రిజర్వు బ్యాంకు వేసిన జానకిరామన్ కమిటీ లెక్క తీస్తే తేలిన బాకీ నాలుగు వేల కోట్లు దాటింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకుకు చెందిన ఫైనాన్షియల్ సర్వీసెస్ కంపెనీ కూడా ఈ మురికిలో దిగబడింది. బయటివాళ్ల భాగోతమని మనం తప్పించుకోవడానికి లేదు.

దెబ్బ తిన్నాక రిజర్వు బ్యాంకు గీత గీసింది. బ్రోకరు పని ఇద్దరినీ కలపడం వరకే. సెక్యూరిటీలు, సొమ్ము బ్యాంకు నుంచి బ్యాంకుకే నేరుగా పోవాలి. ఏడాది లావాదేవీల్లో ఒక్క బ్రోకరు వాటా 5 శాతం మించకూడదు. 2005 ఆగస్టు నుంచి కాల్ మనీ మార్కెట్టు బ్యాంకులకు, ప్రభుత్వ బాండ్ల వ్యాపారం చేసే ప్రైమరీ డీలర్లకే పరిమితమైంది. మంచి నిర్ణయాలే.

అయితే ఆ 5 శాతం గోడకు ఒక దొడ్డిదారి వదిలారు. పరిమితి దాటాల్సి వస్తే కారణం రాసిపెట్టి, తర్వాత బోర్డుకు చెబితే సరిపోతుందట! పని అయిపోయాక చెప్పేదానికి బోర్డు తలూపడం తప్ప చేసేదేముంటుంది? నేతగాడికి ముందు డబ్బిచ్చి తర్వాత కాగితాలు అడిగే బ్యాంకు ఎక్కడైనా ఉందా?

ఈ వెసులుబాటును తీసేయాలి. పరిమితి దాటాలంటే బోర్డు ముందే ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్న డైరెక్టర్ల పేర్లు రికార్డులో ఉండాలి. ఏ బ్రోకరు ద్వారా ఎంత వ్యాపారం నడిచిందో ప్రతి బ్యాంకూ, పట్టణ సహకార బ్యాంకులతో సహా, వార్షిక నివేదికలో అచ్చువేయాలి. వ్యాపార రహస్యమనే సాకు ఇక్కడ చెల్లదు. 2002లో హోమ్ ట్రేడ్ అనే బ్రోకరు సంస్థను నమ్మి, ప్రభుత్వ బాండ్లు కళ్లచూడకుండానే డబ్బు కట్టి మునిగినవి సహకార బ్యాంకులే. అప్పటికి 1992 కుంభకోణం జరిగి పదేళ్లే అయింది.