పాత మాండలిన్‌కు కొత్త మెరుగా?



ఈ మధ్య ఒక మాట తరచుగా వినవస్తున్నది. "పాత వాద్యం ఇచ్చాం, కొత్తదానిలా చేసి ఇచ్చారండీ!" అని. చెప్పేవారి ముఖంలో సంతోషం, వినేవారి ముఖంలో మెచ్చుకోలు. నాకు మాత్రం ఈ సంతోషంలో పాలుపంచుకోవడం చేతకావడం లేదు. కొత్తది కావలసినవారు కొత్తదే కొనుక్కోవచ్చును, బజారులో వాటికేమీ కరువు లేదు. నూరేళ్ల వాద్యాన్ని నిన్నటి వాద్యంగా మార్చమని డబ్బు పోయడం, తాతగారి వీలునామాను తెల్లకాగితంగా మార్చి ఇమ్మని కూలి ఇచ్చినట్లుంటుంది. ఈ పనికి జీర్ణోద్ధరణమని పేరు పెట్టడం మరీ అన్యాయం. ఆ అన్యాయం మీదనే ఈ టపా.

ముందు మాండలిన్ సంగతి. అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు 1910ల నాటి గిబ్సన్ మాండలిన్ కొని, "మాస్టారూ, రంగంతా మాసిపోయి ఉంది. గీకించి కొత్త మెరుగు పెట్టించమంటారా?" అని ఉత్తరం వ్రాశాడు. వద్దని వ్రాశాను. కారణాలు అడిగాడు. అవి అతనొక్కడికే కాక నలుగురికీ చెప్పదగినవని తోచింది. తెలుగు పండితునికీ అమెరికా మాండలిన్‌కూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చును. పాత ప్రతిని ఎలా ముట్టుకోవాలో నేర్పిన చదువు మాది. సంబంధమంతా అక్కడే ఉన్నది.

మాండలిన్ పుట్టిల్లు ఇటలీ. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికావారికి దానిమీద మోజు పెరిగింది. షికాగోలోని లయన్ అండ్ హీలీ వంటి సంస్థలు ఇటలీ పద్ధతిలోనే, సన్నని చెక్క పట్టీలను వంచి అతికిన గుండ్రని వీపుతో వాటిని విస్తారంగా తయారుచేశాయి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన వేరే దారి తొక్కాడు. వయొలిన్ చేసేవారివలె దళసరి చెక్కను తొలిచి, పైపలకకూ వీపుకూ వంపు తెచ్చాడు. 1898లో ఆ నిర్మాణానికి పేటెంటు పొందాడు. 1902లో ఆయన పేర కంపెనీ ఏర్పడింది. అందులో 1919 నుండి 1924 దాకా పనిచేసిన లాయిడ్ లోర్ హయాంలో, 1922లో ఎఫ్-5 అనే మాండలిన్ వెలువడింది. వయొలిన్‌కు ఉన్నట్లే దాని పైపలక మీద ఎఫ్ అక్షరపు ఆకారంలో రెండు రంధ్రాలుంటాయి. వాటిలోంచి తొంగి చూస్తే, వాద్యాన్ని పరీక్షించి సమ్మతించినట్లు లోర్ సంతకంతో, తేదీతో ఒక చీటీ కనబడుతుంది. అటువంటి వాద్యాలు లక్ష డాలర్లకు పైగా పలికిన సందర్భాలున్నాయి.

ఆ చీటీ ఏమిటో తెలుగు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. అది ఆశ్వాసాంత గద్య! కావ్యం ఎవరిదో తేల్చడానికి మనం మొట్టమొదట తిప్పి చూసేది గద్యనే కదా. అయితే గద్య ఒక్కదానినే నమ్మిన పరిశోధకుడు మోసపోక తప్పదు. ఒకరి కృతికి మరొకరి గద్య తగిలించడం అసాధ్యమేమీ కాదు. అందుకే భాష, ఛందస్సు, ప్రయోగాలు అనే లోపలి సాక్ష్యాన్ని పిలుస్తాం. మాండలిన్ విషయమూ అంతే. చీటీకి నకలు అచ్చు వేయవచ్చు, ఒకదానిలోది ఊడదీసి మరొకదానిలో అతికించవచ్చు. కనుక వివేకి అయిన సేకర్త చీటీ దగ్గర ఆగడు. మెడ మొదట్లో, లోపలి దిమ్మ మీద కర్మాగారంవారు వేసిన సంఖ్యను చూస్తాడు. అది చీటీ మీది క్రమసంఖ్యతో కాలానికి పొసగాలి. మెడలో వంపును సరిచేసే ఇనుప కడ్డీ ఉన్నదేమో చూస్తాడు. గిబ్సన్ వాద్యాల్లోకి అది వచ్చింది 1920ల ఆరంభంలో. 1910 నాటిదని అమ్మజూపే మాండలిన్ తల మీద ఆ కడ్డీకి మూత కనబడిందంటే, తేదీ అయినా అబద్ధం, లేక మెడ అయినా తర్వాత మార్చినది. ఇక పైపూత. లోర్ నాటి ఎఫ్-5కు పూసినది వార్నిషు. లక్కరు వాడకం ఆ తరువాతి ముచ్చట.

ఇప్పుడు చెప్పండి. ఇంత సాక్ష్యం చెప్పే ఆ పైపూతనే కదా మెరుగు పనివాడు మొట్టమొదట గీకేది? దానితోపాటు పలక మందం కూడా వెంట్రుకవాసి తరుగుతుంది, నాదం మారుతుంది. చెక్క మీద పెన్సిలు గుర్తులూ, పాత యజమాని వేళ్లు అరగదీసిన చోట్లూ మాయమవుతాయి. అసలు పూత పోయిన వాద్యం విలువ దాదాపు సగానికి పడిపోతుందని ఆ వ్యాపారం తెలిసినవారి లెక్క. ధర సంగతి వదిలిపెట్టినా, పోయిన సాక్ష్యం ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

"అయితే మరమ్మతే వద్దంటారా?" అంటే, అనను. పగిలిన పలకను అతకాలి, ఊడిన లోపలి పట్టీని నిలపాలి, అరిగిన మెట్లు మార్చాలి. ఎలా అన్నదే ప్రశ్న. ఉత్తముడైన పనివాడు పాతకాలపు చర్మపు జిగురే వాడతాడు. వేడీ తడీ తగిలితే అది విడిపోతుంది, రేపు మరొకడు వచ్చి తప్పు దిద్దవచ్చు. నేటి గట్టి జిగుర్లు పెట్టినవాడు తన తప్పును శాశ్వతం చేసి పోతాడు. మంచి పరిష్కర్త చేసేది కూడా ఇదే. ప్రతిలోని పాఠాన్ని చెరపడు. తన సవరణను కింద సూచిస్తాడు, పాఠాంతరాలు ఇస్తాడు, ఏ ప్రతిలో ఏమున్నదో చెబుతాడు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితెచ్చే నాటికి, ఆ వ్రాతప్రతిని ఎవరైనా "శుభ్రం" చేసి తమకు నచ్చినట్లు తిరగవ్రాసి ఉంటే, నన్నెచోడుడు మనకు దక్కేవాడా?

అమెరికాలో బిల్ మన్రో అనే ప్రసిద్ధ విద్వాంసుని ఎఫ్-5 ఒకటి ఉన్నది. దానిలో లోర్ వేసిన తేదీ 1923 జూలై 9. 1985లో ఎవరో ఇంట్లో చొరబడి దానిని ముక్కలు ముక్కలుగా పగులగొట్టారు. కొత్త పలక వేసి చేతులు దులుపుకోవడం సులువే. గిబ్సన్ పనివారు అలా చేయలేదు. పేళ్లన్నీ ఏరి, కూర్చి, అతికారు. మన్రో మళ్లీ దానినే వాయించాడు. ఈనాడది నాష్‌విల్లులోని ప్రదర్శనశాలలో ఉన్నది. జీర్ణోద్ధరణమంటే అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌ను ఉన్నది ఉన్నట్లు ఉంచారా? జంటతీగలు తీసివేసి, ఒంటితీగలు కట్టి, విద్యుత్తు జోడించి కర్ణాటక సంగీతాన్ని పలికించలేదా?" పలికించారు. 1969లో పుట్టి 2014లోనే వెళ్లిపోయిన ఆ మహానుభావుడు గమకానికి అనువైన వాద్యాన్ని తన విద్యకు తగినట్లు రూపొందించుకున్నారు. కొత్త కావ్యం వ్రాసేవాడు కొత్త తాటాకు తెచ్చుకుంటాడు. పాత కావ్యాన్ని గీకి దానిమీద వ్రాయడు.

రెండవ ఆక్షేపణ బలమైనది. "వారికి చీటీలున్నాయి, సంఖ్యలున్నాయి. మనకేమున్నవి?" నిజమే, మన దుఃఖమంతా అక్కడే ఉన్నది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరాలుగా పనస దుంగను తొలిచి వీణలు చేస్తున్నారు. ఆ వీణకు భౌగోళిక గుర్తింపూ లభించింది. ఊరి పేరు నిలిచింది, సంతోషం. కాని మీ ఇంట్లో ఉన్న వీణ ఆ ఊళ్లో ఏ చేతులు చేసినదో చెప్పగలరా? మా ప్రాంతంలో పరిచయస్థుల ఇంట ఒక పాత వీణ ఉండేది. బిరడల కింద ఎవరో గోటితో గీసినట్లు రెండు అక్షరాలు, ఒక సంవత్సరం ఉండేవి. పట్నంలో ఒక కొట్టువారు దానికి సాన పట్టి, నిగనిగలాడే రంగు వేసి పంపారు. ఆ అక్షరాలు ఇప్పుడు లేవు. ఆ వీణకున్న గద్య అదొక్కటే. ఫొటో తీసినవారు కూడా లేరు.

మా చండ్రుగొండ అడవి అంచు ఊరు. చుట్టూ కోయగూడేలు. అక్కడి డోలు ఏ చెట్టు మానుతో తొలిచారో, ఏ తోలు మూశారో, ఏ పండుగకు ఏ దెబ్బ వేయాలో కాగితం మీద లేదు, మనుషుల్లో ఉన్నది. కోయ కథలను కంచుమేళంతో గానం చేసిన సకిని రామచంద్రయ్యగారిని 2022లో పద్మశ్రీ వరించింది. 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి వారి ముందు కూర్చుని వ్రాసుకోకుండా, గూడెంలో నాలుగు నోట్లు చేతిలో పెట్టి డోలు కొనితెచ్చి, రంగు వేసి, ముందుగదిలో గోడకు తగిలించేవారిని సేకర్తలనడానికి నాకు నోరు రాదు. చేసినవాని పేరు, వాయించినవాని పేరు, ఊరు అడగకుండా తెచ్చినదాన్ని సేకరణ అనరు, సరుకు అంటారు.

కనుక నా విన్నపాలు ఇవి. వాద్యాన్ని మరమ్మతుకు ఇచ్చే ముందు చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి లోపలంతా చూడండి, ఫొటోలు తీయండి. కొలతలు, ఇంటికి వచ్చిన వైనం, తెలిసిన పేర్లు వ్రాసిపెట్టండి. తీసేసిన బిరడలు, మెట్లు, గుర్రం పారవేయనీయకండి, సంచిలో కట్టి వాద్యంతోనే ఉంచండి. దుమ్ము తుడిపించండి, పూత జోలికి మాత్రం పోనీయకండి. ఏమి చేశాడో పనివాని చేత వ్రాయించి సంతకం తీసుకోండి, ఎందుకంటే అతడి పేరూ చరిత్రే. కొత్త వీణ చేయించుకునేవారు, చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం లోపల చెక్కించండి. దీనికి డాలర్లు అక్కరలేదు, ఉలి మొన చాలు.

మీ అటకల మీద, మూల గదుల్లో గుడ్డ కప్పి పడుకున్న వాద్యాలు ఎన్ని ఉన్నాయో! ఈ ఆదివారం ఒకదానిని కిందికి దించి, లోపల ఏమి వ్రాసి ఉన్నదో చూసి ఇక్కడ వ్యాఖ్యగా తెలపండి. నా వాదం తప్పని తోచినవారూ నిర్మొహమాటంగా వ్రాయవచ్చును.

స్వస్తి.