పురుగుమందు డబ్బాకున్న విలువ దగ్గు సీసాకి లేదా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నూర్పులు మొదలయ్యాయి. మంచు ఒకపక్క, ఊక దుమ్ము ఒకపక్క, ఇంటింటా దగ్గులే. మొన్న ఆమదాలవలసలో ఒక మందుల షాపు దగ్గర నిలబడ్డాను. ఒకాయన వచ్చి "మా గుంటడికి దగ్గు, మంచి సీసా ఒకటియ్యి" అన్నాడు. పిల్లడికి ఎన్నేళ్ళని షాపాయన అడగలేదు, ఈయనా చెప్పలేదు. బిల్లు లేదు. సీసా సంచిలో పడిపోయింది.

అదే మనిషి పురుగుమందు కొంటే ఏటి చేస్తాడు? డబ్బా తిప్పి ఎరుపు గుర్తా, పసుపు గుర్తా చూస్తాడు. తేదీ చూస్తాడు. విత్తనాల బిల్లయితే దాచుకుంటాడు, మొలక రాకపోతే నిలదీయాలి కదా! చేనుకున్న విలువ కన్నబిడ్డకి లేదా?

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు పోయారు. తమిళనాడులో తయారైన మందది. పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉంది. 0.1 శాతం దాటకూడదు. అది ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం, లోపలికెళ్తే కిడ్నీలు పాడైపోతాయి. పక్కనున్న తెలంగాణ కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరించింది. మన ఉద్దానం జబ్బుకీ దీనికీ ముడిపెట్టడం లేదు. కానీ కిడ్నీ పోతే ఇల్లు ఎలా కూలిపోద్దో మన జిల్లాకి ఒకరు చెప్పాలా?

"అన్ని సీసాలూ విషమేటి?" అంటారు. కాదు. కానీ మంచి సీసా అయినా పసిపిల్లలకి వద్దనే కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. రెండేళ్ళ లోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్ళ లోపు మామూలుగా అక్కర్లేదు అంది. జలుబు దగ్గు చాలావరకు దానంతటదే తగ్గిపోద్ది. సిరప్ తాగి పిల్లడు పడుకుంటే నయమైందనుకుంటాం. చాలా సీసాల్లో మత్తిచ్చే మందుంటుంది, అది నిద్రే గానీ నయం కాదు.

తప్పు ముందు తయారుచేసినోడిది, పరీక్షించకుండా వదిలేసినోళ్ళది. వాళ్ళు మారేదాకా మన పిల్లలు ఆగలేరు కదా!

అందుకే ఏడాది దాటిన పిల్లలకి కాస్త తేనె, గోరువెచ్చని నీళ్ళు ఇవ్వండి. ఏడాది లోపు తేనె వద్దు. పెద్దోళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలించండి, కళ్ళంలో ముక్కుకి తువ్వాలు కట్టండి. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తే ఆ క్షణమే ఆసుపత్రికి. రెండు వారాలు దాటిన దగ్గుకి సర్కారు ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం.

డాక్టరు రాస్తేనే సీసా. కొంటే బిల్లు అడగండి, బ్యాచ్ నంబరు చూడండి. సిగ్గెందుకు? ఎరువుల కొట్లో అడగడం లేదేటి?