జవాబు ఇవ్వని చదువు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా రాసేదే రాద్దామనుకున్నాం. కష్టపడి చదవండి, సెల్‌ఫోన్లకు దూరంగా ఉండండి, అమ్మానాన్నల పేరు నిలబెట్టండి అని. అవి మీకు సార్లు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకని ఈ మధ్య మేము చదివిన ఒక కవిత గురించి రాస్తున్నాం. అది మన భాషది కాదు, మన కాలానిదీ కాదు. దాదాపు 1,280 ఏళ్ళ కిందట చైనాలో రాసింది. అయినా అది చదివిన రాత్రి మా గదిలో నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం ఇదే హాస్టల్లో పెరిగినవాళ్ళం. ఈ రేకు పెట్టెలూ, ఈ కంచాలూ, పొద్దున్నే నల్లా దగ్గర ఈ వరుసా మాకూ తెలుసు. మా నాలుగు ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు హైదరాబాదులో పీజీ చదువుతూ ఒకే గదిలో ఉంటున్నాం. మాలో ఒకరి సాహిత్యం పేపరు కోసం లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు సంకలనంలో ఈ కవిత దొరికింది. చైనా భాష మాకు రాదు. అయితే ఆ పుస్తకంలో ప్రతి చైనా అక్షరం కింద దాని అర్థం విడిగా ఇచ్చారు. కాబట్టి కవి రాసిన మాటలేవో, అనువాదకుడు కలిపినవేవో కొంతవరకు పట్టుకోగలిగాం.

రాసిన కవి పేరు దు ఫు. ఎవరిని తలచుకుని రాశాడో ఆయన పేరు లీ బాయి. ఇద్దరూ తాంగ్ వంశం రాజ్యం చేసిన కాలం వాళ్ళు. 744లో లోయాంగ్ నగరంలో మొదటిసారి కలిశారు. అప్పటికి లీ బాయికి నలభై దాటాయి, దేశమంతా పేరుంది, రాజధాని చాంగాన్‌లో చక్రవర్తి కొలువులో రెండేళ్ళు ఉండి బయటికి వచ్చేశాడు. దు ఫు అతని కంటే పదకొండేళ్ళు చిన్న, పేరు లేనివాడు. కొంతకాలం కలిసి తిరిగారు. 745లో విడిపోయారు. ఆ తర్వాత చచ్చేదాకా మళ్ళీ కలవలేదు. లీ బాయి దేశం పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. దు ఫు పరీక్షల కోసం, ఉద్యోగం కోసం చాంగాన్ చేరాడు. అక్కడ 746 ప్రాంతంలో, వసంత రుతువులో, ఈ కవిత రాశాడు.

కవిత చాలా చిన్నది. ఎనిమిది పాదాలు, పాదానికి ఐదు అక్షరాలు, మొత్తం నలభై. మొదటి సగమంతా లీ బాయి కవిత్వాన్ని మెచ్చుకోవడమే. తమకు ముందు శతాబ్దాల్లో పేరు పొందిన ఇద్దరు కవులను వాళ్ళ ఉద్యోగ హోదాలతో సహా తలచుకుని, వాళ్ళతో ఇతన్ని పోలుస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదంతా సన్మాన పత్రంలా అనిపించింది, నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. రెండోసారి చదివితే వేరేగా తోచింది. దూరంగా ఉన్న స్నేహితుణ్ణి తలచుకోగానే ఈ కవికి ముందు గుర్తొచ్చింది తన ఒంటరితనం కాదు, అతని పనితనం. నువ్వు లేక నేనేమైపోతున్నానో చూడు అనకుండా, నువ్వు ఎంతటివాడివో నాకు తెలుసు అని మొదలుపెట్టాడు.

తర్వాతి రెండు పాదాలే కవితకు ప్రాణం. ఒక పాదంలో తానున్న వైపు చెట్టు ఉంటుంది, వసంతంలో. ఇంకో పాదంలో స్నేహితుడు తిరుగుతున్న వైపు మేఘం ఉంటుంది, పొద్దు వాలే వేళ. అంతే. ఆ పది అక్షరాల్లో ఒక్క క్రియ కూడా లేదు. నేను అన్న మాట లేదు, నువ్వు అన్న మాట లేదు, గుర్తొస్తున్నావన్నది అసలే లేదు. ఒకటి వెయ్ నది పక్కన, ఒకటి యాంగ్జీ నదికి తూర్పున. మధ్యలో సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ దూరం ఎంతో కవి చెప్పడు, రెండు పాదాల మధ్య ఉన్న ఖాళీలో మనమే దాన్ని దాటాలి. ఈ చెట్టూ మేఘమూ చైనా భాషలో దూరపు స్నేహానికి జాతీయంగానే స్థిరపడిపోయాయి.

ఇక్కడ మేఘం అనగానే మనకు కాళిదాసు మేఘసందేశం గుర్తుకు రావడం సహజం. మాకూ వచ్చింది. అందులో యక్షుడు మేఘానికి దారి చెబుతాడు, ఉజ్జయిని అందాలు చూసి పొమ్మంటాడు, భార్యకు కబురు చెప్పమంటాడు. మన జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు ఆ పద్ధతినే తీసుకుని తలకిందులు చేశాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చేరవేయమని, గుడిలోకి స్వేచ్ఛగా పోగల గబ్బిలాన్ని బతిమాలతాడు. ఈ హాస్టల్ పిల్లలకు ఆ కావ్యం గురించి మేము వేరే చెప్పనక్కర్లేదు. అయితే దు ఫు మేఘం ఎవరి కబురూ మోయదు. అది అక్కడ ఉంటుంది, స్నేహితుడి తల మీద. ఇతను ఇక్కడి నుంచి దాన్ని ఊహించుకుంటాడు. అక్కడ ఇప్పుడు పొద్దు గుంకుతూ ఉంటుంది, వాడు ఆకాశం చూస్తూ ఉంటాడు అని. ఎదుటివాడి సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించడానికి ఆగిన ఆ కాసేపే ఈ కవిత అని మా అభిప్రాయం.

మా క్లాసులో దీని మీద చర్చ జరిగినప్పుడు ఎక్కువ మంది అన్నది వేరు. ఇది నగరం మీద విసుగుతో ప్రకృతిని కోరుకునే కవిత అన్నారు. నగరంలో మనుషులు యంత్రాలైపోతారు, పల్లెలో ప్రేమలుంటాయి, అందుకే కవి చెట్టునూ మేఘాన్నీ ఆశ్రయించాడని. వినడానికి బాగానే ఉంది కానీ మేము ఒప్పుకోలేదు. పల్లె అంటే పచ్చదనం, ప్రేమ అనేవాళ్ళలో చాలామందికి మా వాడల్లో నీళ్ళ ట్యాంకు ఎంత దూరంలో ఉంటుందో తెలియదు. దు ఫు కూడా నగరాన్ని తిట్టలేదు. అసలు ఈ కవితలో నగరం పేరే లేదు. తానున్న చోటు చెప్పాల్సి వస్తే నది పేరు చెప్పాడు. మా నాయనమ్మలు ఎవరైనా అడిగితే మూసీ అవతల చదువుతున్నరు అన్నట్టు.

పేరు లేకపోయినా ఆ నగరం ఎలాంటిదో మనకు తెలుసు. నేటి షియాన్ ఉన్న చోటే నాటి చాంగాన్. అక్కడ పది లక్షల మంది దాకా ఉండేవారని చరిత్రకారుల అంచనా. నూటికి పైగా పేటలు, ప్రతి పేట చుట్టూ గోడ. పొద్దు గుంకగానే నగారాలు మోగించి పేటల తలుపులు మూసేవారు, తెల్లవారేదాకా వీధుల్లో తిరగకూడదు. చదువుతుంటే మాకు నవ్వొచ్చింది. రాత్రి గేటు వేసే వాచ్‌మన్‌తో గొడవపడని హాస్టల్ విద్యార్థి ఉంటాడా? అలాంటి చోట సాయంత్రమనేది మేఘం చూసే సమయం కాదు, గదికి పరుగెత్తే సమయం. ఆ తొందరలోనే అతను ఈ రెండు పాదాలు ఆలోచించాడు.

747లో చక్రవర్తి షువాన్‌జోంగ్ దేశంలో ప్రతిభ ఉన్నవాళ్ళందరికీ ప్రత్యేకంగా ఒక పరీక్ష పెట్టించాడు. దు ఫు రాశాడు. మంత్రి లీ లిన్‌ఫు ఒక్కరిని కూడా పాస్ చేయలేదు. చక్రవర్తితో ఏమన్నాడంటే, ప్రతిభ ఉన్నవాళ్ళందరూ ఇప్పటికే కొలువులో ఉన్నారు, బయట పల్లెల్లో ఇంకెవరూ మిగల్లేదు అన్నాడు. ఈ మాట చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. దు ఫుకి చిన్న ఉద్యోగం దొరికేసరికి 755 వచ్చింది.

ఇప్పుడు మా సంగతి.

మా బ్యాచ్‌లో ఐదోవాడు ఒకడున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. పద్యం చెప్పడంలో మా అందరి కంటే మొనగాడు. మేము ఒత్తులు తప్పు రాస్తే ఎర్ర పెన్ను సారు కంటే ముందు వాడే పట్టేవాడు. పదో తరగతి తర్వాత వాళ్ళ నాన్నకు చెయ్యి విరిగితే చదువు మానేసి బోరు బండి మీద పనికి పోయాడు. అప్పటి నుంచి కర్ణాటక, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, బండి ఎక్కడికి పోతే అక్కడికి. మా నలుగురితో కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది కూడా వాడే. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ఆకాశం ఫొటో పెడతాడు, ఎక్కువగా పొద్దు గుంకే వేళవి, రిగ్గు ఆపాక తీసినవి. మేము బొటనవేలు గుర్తు కొట్టి ఊరుకుంటాం. ఒక్కోసారి అదీ ఉండదు.

కిందటేడాది జూన్‌లో వాడు గ్రూపులో మాట రికార్డు చేసి పంపాడు. “అరేయ్, మా చెల్లె ఇంటర్ పాసయింది రా. దోస్త్‌ల పెట్టాలంట గదా. ఆఖరి తారీఖు ఎప్పుడో, ఏ కాలేజీ మంచిగుంటదో జర చెప్పుండ్రి.” డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతికి తెలంగాణలో దోస్త్ అనే పేరుందని మీకు తెలుసు. ఆ మాట నలుగురం విన్నాం. మాకు పరీక్షలు నడుస్తున్నాయి. అవతలివాడు చెప్పి ఉంటాడులే అని నలుగురం అనుకున్నాం. వాడు రెండుసార్లు ఫోన్ కూడా చేశాడు, చదువుతున్నామని ఎత్తలేదు. మాకు గుర్తొచ్చేసరికి చివరి విడత రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఆ అమ్మాయి ఆ ఏడాదంతా పత్తి ఏరడానికి పోయింది.

సిగ్గుతో ఫోన్ చేస్తే వాడన్న మాట, “ఏం కాదు తీయ్‌రా, మీకు పరీక్షలుంటయి గదా.”

వాడు తిట్టి ఉంటే బాగుండేది. ఊళ్ళల్లో ఇంకెవరూ మిగల్లేదని చక్రవర్తికి చెప్పిన మంత్రిని చదివి కోపం తెచ్చుకున్న మేమే, ఊళ్ళో మిగిలిన ఒక అమ్మాయికి తారీఖు చెప్పలేకపోయాం. అందులో నగరం చేసిన తప్పేమీ లేదు. బస్సులు, రద్దీ, అద్దెలు, ట్యూషన్లు అన్నీ నిజమే కానీ ఒక తారీఖు చెప్పడానికి పట్టేది అర నిమిషం. వాడి సాయంత్రం ఎలా ఉందో ఊహించడానికి మేము ఆగలేదు, అంతే.

దు ఫు లీ బాయిని తలచుకుంటూ రాసిన కవితలు పదికి పైగా మిగిలాయి. లీ బాయి దు ఫు కోసం రాసినవి రెండు మూడు కంటే ఎక్కువ చూపలేరు. దీన్ని బట్టి ఒకడి ప్రేమ ఎక్కువ, ఒకడిది తక్కువ అని లెక్కలు కట్టిన వ్యాసాలు చదివాం. ఆ లెక్కతో మాకు పని లేదు. మాకు ముఖ్యమనిపించిందల్లా, నగరంలో కూర్చున్నవాడు రాశాడు, దారిలో ఉన్నవాడి కోసం. పరీక్షలున్నవాడు రాశాడు. జవాబు వచ్చిందా లేదా అని చూడకుండా ఇంకా రాశాడు. 759లో లీ బాయికి దూరదేశపు ప్రవాస శిక్ష పడిందన్న కబురు తెలిసి, బతికున్నాడో లేదో తెలియక, కలలో కనిపించాడని రెండు కవితలు రాశాడు. మాలాంటి వాళ్ళ విషయంలో ఇదింకా ఎక్కువ వర్తిస్తుందని మా వాదన. మాతో పాటు ఒకే కంచం వరుసలో కూర్చున్నవాళ్ళలో కొందరికి చదువు దొరికింది, కొందరికి దొరకలేదు. మేము తెలివైనవాళ్ళం, వాళ్ళు కాదని ఎవరైనా అంటే అది మా ఐదోవాణ్ణి చూడక అన్న మాట. కాబట్టి ముందు పలకరించాల్సింది, ముందు జవాబు చెప్పాల్సింది చదువుకున్నవాడే. వాడు ఫోన్ చేయలేదు కాబట్టి మేమూ చేయలేదనడం సమానుల మధ్య చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు.

కవిత చివరి రెండు పాదాలు ఒక ప్రశ్న. మళ్ళీ ఎప్పుడు ఇద్దరం మద్యం కూజా పెట్టుకుని రాతల గురించి మాట్లాడుకుంటామని అడుగుతాడు. (మద్యం సంగతి వార్డెన్ సారు క్షమించాలి, అది కవి మాట.) ఆ మాట్లాడుకోవడానికి ముందు సన్నగా, వివరంగా అనే అర్థం వచ్చే అక్షరం ఒకటి ఉంది. ఏం సంగతి, బాగున్నావా, సరే ఉంటా అనే మాట కాదు అతనికి కావలసింది. నువ్వు ఈ మాట ఎందుకు వాడావు, ఇక్కడ ఇది బాగుంది, అక్కడ అది పొసగలేదు అని కూర్చుని చెప్పుకునే మాట. మా ఐదోవాడు మాతో అలా మాట్లాడి ఏడేళ్ళయింది. మేము అడగలేదు, వాడు చెప్పలేదు.

ఈ ఏడు వాళ్ళ చెల్లెకు దరఖాస్తు మేమే దగ్గరుండి పెట్టించాం. సీటు వచ్చింది. అందుకు మమ్మల్ని మెచ్చుకునేదేమీ లేదు, పోయిన ఏడాది ఆమెకు పోయినట్టే.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు వాడికి చదివి వినిపించాలనుకున్నాం. తప్పులుంటే చెబుతాడని. పగలు ఫోన్ చేస్తే బండి రాయచూరు దగ్గర ఉందన్నాడు, రిగ్గు చప్పుడులో మిగతాది వినపడలేదు. రాత్రి పని అయ్యాక నేనే చేస్తా అన్నట్టుంది. ఇప్పుడు పది దాటింది. గేటు వేసేశారు. ఫోన్ మధ్యలో పెట్టుకుని నలుగురం కూర్చున్నాం.