టికెట్ నా చేతిలో ఉండాలి

సెలవులకు ఎక్కడికైనా వెళ్దామనగానే మన ఇళ్ళల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి ప్యాకేజీ టూరు, రెండోది అద్దె కారు. రెండింటికీ చెప్పే కారణం ఒకటే: "ఆడవాళ్ళు కష్టపడకూడదు కదా!" ఏడాది పొడవునా తెల్లవారుజామున లేచి రెండు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు తిప్పేటప్పుడు గుర్తుకురాని మన కష్టం, బస్సెక్కుదామనేసరికి అందరికీ గుర్తొస్తుంది. ఈ దొంగ జాలి మీద నాకు చాలా కోపం. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన ఏప్రిల్‌లో నేనూ మా వారూ మాల్టా వెళ్ళి తొమ్మిది రోజులున్నాం. మధ్యధరా సముద్రంలో, ఇటలీ సిసిలీకి కింద ఉన్న చిన్న దేశం అది. మాల్టా, గోజో, కొమీనో అనే దీవులు కలిపినా 316 చదరపు కిలోమీటర్లే, మన హైదరాబాదు నగరంలో దాదాపు సగం. రైలు లేదు. 1883లో ఒక లైను వేశారు కానీ 1931లోనే మూసేశారు. ఇప్పుడున్నవి బస్సులు, పడవలు, మన కాళ్ళు. ఆ తొమ్మిది రోజులూ ఆ మూడింటి మీదే తిరిగాం. వెళ్ళేముందు చుట్టాల్లో కనీసం అరడజను మంది మగవాళ్ళు మా వారికి ఫోన్ చేసి మరీ చెప్పారు, కారు తీసుకోమని. నాకు ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. నా కష్టం గురించి నన్నడగాలని ఎవరికీ తోచలేదు.

అద్దె కారులో ఏం జరుగుతుందో మనకు తెలియనిదా? నడిపేది ఆయన. పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాపు చూసేది మనం. మలుపు తప్పితే తప్పు మనది. "అబ్బ, ఆ వీధి ఎంత బాగుందో, కాసేపు ఆపండి" అంటే "ఇక్కడ పార్కింగ్ ఉండదు" అంటారు. పాపం ఆయన తప్పు కూడా కాదు. అయిదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టాలో వాహనాలు నాలుగు లక్షలకు పైనే ఉన్నాయి. ఊళ్ళేమో కోటగోడల మధ్య కట్టినవి, సందులేమో ఎద్దుల బండి పట్టేంత. కారు పెట్టే చోటు వెతుకుతూ ఆయనకు చిరాకు, ఆ చిరాకు మన మీదకి. సాయంత్రానికి ఇద్దరూ మాట్లాడుకోరు. దీన్నే సుఖం అంటున్నారు.

ప్యాకేజీ టూరు సంగతి ఇంకా బాగుంటుంది. జెండా పట్టుకున్నాయన వెనక నడవాలి. ఇరవై నిమిషాలు ఫోటోలకి, పదిహేను నిమిషాలు బాత్‌రూముకి, గంటన్నర వాళ్ళు చెప్పిన దుకాణంలో. ఇంట్లో మనం అందరి టైము ప్రకారం బతుకుతాం, అక్కడ గైడు టైము ప్రకారం. అంతదూరం డబ్బు పోసి వెళ్ళి కొనుక్కున్నది మరో అత్తగారినన్నమాట.

మరి బస్సులో ఏముంటుంది? మొదటిది, ఇద్దరూ ప్రయాణికులే. స్టీరింగు ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి అరుపులూ లేవు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా వారు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చోవడం నేను చూసింది తక్కువ. మాల్టాలో చూశాను. ఆ తేనెరంగు రాతి ఇళ్ళు, వాటికి రంగురంగుల చెక్క బాల్కనీలు, పొలాల చుట్టూ పేర్చిన రాతిగోడలు, ఆయన నాకు చూపించారు, నేను ఆయనకు చూపించాను.

రెండోది, నేర్చుకోవడం తేలిక. రాజధాని వాలెట్టా కోటద్వారం బయట పెద్ద ఫౌంటెన్ ఉంటుంది. దాని చుట్టూనే బస్టాండు. దీవిలో చాలా బస్సులు అక్కణ్ణుంచే బయల్దేరతాయి. దారి తప్పినా ఏదో ఒక బస్సెక్కి అక్కడికే చేరొచ్చు. ఇంగ్లీషు వాళ్ళ అధికార భాషల్లో ఒకటి కాబట్టి స్టాపు పేర్లు చదువుకోవచ్చు, అడగొచ్చు. నడిపేవాళ్ళలో మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు. ఏప్రిల్‌లో టికెట్టు రెండు యూరోలు, అంటే సుమారు 200 రూపాయలు. రెండు గంటలదాకా బస్సులు మారుతూ తిరగొచ్చు. ఎండాకాలంలో అది రెండున్నర యూరోలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, స్టాపులో నిలబడి చెయ్యెత్తాలి. ఎత్తకపోతే ఆపకుండా వెళ్ళిపోతుంది. అచ్చం మన పల్లెవెలుగే! మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పడవలూ అంతే. వాలెట్టాకు రెండువైపులా రేవులే. ఒకవైపు నుంచి స్లీమాకి, ఇంకోవైపు నుంచి "మూడు నగరాలు" అనే పాత ఊళ్ళకి ఫెర్రీలు తిరుగుతాయి. ఇవి యాత్రికుల కోసం పెట్టిన సరదా పడవలు కావు. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళూ, కూరల సంచులతో ఆడవాళ్ళూ ఎక్కుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు భయపడక్కర్లేదు, మూడు నగరాల ఫెర్రీ దగ్గర్నుంచి పైన ఊళ్ళోకి 58 మీటర్ల ఎత్తు లిఫ్టు ఉంది. నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే డైసా అనే చిన్న చెక్కపడవలో, నీళ్ళకు చెయ్యి అందేంత కిందుగా కూర్చుని, ఆ మహా రేవు దాటొచ్చు. పడవెక్కి పది నిమిషాలు నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంటే "వంటేం చెయ్యాలి" అనే ఆలోచన రాదు. అది నాకు చాలా పెద్ద సంగతి.

వంట అన్నాను కాబట్టి చెబుతున్నాను. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళలేదు. పెట్టెలో కుక్కర్ పెట్టామంటే వంటిల్లు మనతో విమానం ఎక్కినట్టే. అక్కడ వీధి వీధినా పాస్టిట్సీ అని పొరలు పొరలుగా ఉండే పఫ్‌లు అమ్ముతారు. ఒకరకంలో రికోటా జున్ను, ఇంకోరకంలో బఠాణీ ముద్ద ఉంటుంది. శాకాహారులు మాత్రం పిండిలో ఏ కొవ్వు కలిపారో అడిగి తీసుకోండి. నేను అడిగే తిన్నాను. పళ్ళు, రొట్టె, టమాటాలు ఎక్కడైనా దొరుకుతాయి. తొమ్మిది రోజులు అన్నం లేకపోతే ఏ మగాడికీ ఏమీ కాలేదు, మా ఇంట్లో రుజువుంది.

ఇక అసలు సంగతికొస్తాను. ఆరో రోజు మా వారు "నేను ఇవాళ గదిలోనే పడుకుంటాను" అన్నారు. కారు ఉండి ఉంటే నేను కూడా గదిలోనే ఉండేదాన్ని. ప్యాకేజీ అయితే ఆయన్ను లేపి లాక్కెళ్ళేదాన్ని. కానీ బస్సుంది కదా. నేను ఒక్కదాన్నే గోజో వెళ్ళాను.

వాలెట్టా నుంచి 41 నంబరు బస్సు, గంట పైనే పట్టింది, దీవి ఉత్తరం కొస చిర్కెవ్వా దాకా. అక్కడ పెద్ద ఫెర్రీ, పాతిక నిమిషాలు. వెళ్ళేటప్పుడు టికెట్టు అడగరు, తిరిగొచ్చేటప్పుడే 4.65 యూరోలు తీసుకుంటారు. గోజోలో దిగి ఇంకో బస్సెక్కి విక్టోరియా చేరాను. ఆ దీవి బస్సులు ఎక్కువగా ఆ ఊరి చుట్టూనే తిరుగుతాయి. అక్కణ్ణుంచి షారా అనే ఊరికి. అక్కడుంది జిగాంటియా గుడి. క్రీస్తుకు పూర్వం 3600 నాటిది, గిజా పిరమిడ్ల కంటే దాదాపు వెయ్యేళ్ళు ముందుది. కొన్ని రాళ్ళు 5 మీటర్ల పొడవు, 50 టన్నులకు పైగా బరువు. ఇంత పెద్ద రాళ్ళను ఎవరు మోశారంటే గోజో వాళ్ళ పాత కథ ఏం చెబుతుందో తెలుసా? ఒక రాక్షసి అంత ఆడది, చిక్కుడు గింజలూ తేనే తిని, భుజాన పసిబిడ్డను వేసుకుని, ఆ గుడి కట్టిందట. జిగాంటియా అన్న పేరే ఆమెది. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. చంకలో పిల్లతో బరువులు మోయని ఆడది ఏ దేశంలో ఉంది?

ఆ రాళ్ళ మధ్య గంటసేపు కూర్చున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు, ఏదీ ఎక్కడుందని అడగలేదు. నాకు యాభై మూడేళ్ళు. ఇల్లు దాటి, ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, నాకు నచ్చిన చోట కూర్చోవడం అదే మొదటిసారి. మధ్యాహ్నం ఇంకో బస్సెక్కి ద్వేరా వెళ్ళాను. అక్కడ "నీలి కిటికీ" అనే సహజమైన రాతి తోరణం ఉండేది, 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది. అయినా కొండ వెనక చిన్న మడుగులాంటి సముద్రం ఉంది. చిన్న పడవలు కొండలోని సొరంగం గుండా అసలు సముద్రంలోకి తీసుకెళ్తాయి. చీకటి, చల్లగాలి, ఒక్కసారిగా వెలుగూ నీలంరంగూ. పక్కన ఉన్నది ముక్కూమొహం తెలియని పెద్దావిడ. ఇద్దరం ఒకేసారి "ఓ!" అన్నాం. రాత్రి ఎనిమిదికి గదికి చేరాను. మా వారు కనుక్కున్న మొదటి సంగతి: "ఒక్కదానివే ఎలా వెళ్ళావు?" బస్సులో, అన్నాను.

బస్సుల్లో ఇబ్బందులు లేవా? ఉన్నాయి, దాచను. ఆలస్యం అవుతాయి. నిండిపోతే చెయ్యెత్తినా ఆపరు. మా కళ్ళముందే రెండు బస్సులు అలా పోయాయి. పడవలు గాలి మాట వింటాయి. నీలి గుహకని వీడ్ జురీక్ వెళ్ళిన రోజు సముద్రం పోటెత్తి పడవలు ఆపేశారు, మర్నాడు మళ్ళీ వెళ్ళాం. కొమీనోలోని నీలి మడుగు దగ్గర జనం తొక్కిడి. ఒకేసారి 4000 మందికి మించకూడదని 2025లో ముందస్తు బుకింగ్ పెట్టాల్సి వచ్చిందంటే చూడండి. పాటలు హోరెత్తించే పెద్ద పడవల్లో అక్కడికి వెళ్ళడం కంటే ఫెర్రీ మీంచి దాన్ని చూడటమే నయం. కానీ కారుంటే గాలి తగ్గుతుందా? ప్యాకేజీ అయితే మర్నాడు మళ్ళీ తీసుకెళ్తారా? బస్సు తప్పితే అరగంట కూర్చుంటాం. ఇన్నేళ్ళుగా భోజనానికి రాని వాళ్ళకోసం ఎన్ని అరగంటలు కూర్చోలేదు మనం!

ఇక మన ఊరి మాట. మాల్టాలో నివాసం ఉండేవాళ్ళందరికీ 2022 అక్టోబరు నుంచి బస్సు ఉచితం, కార్డుంటే చాలు. రోడ్ల మీద కార్లు తగ్గాలని ఆ పని చేశారు. ఆ బస్సుల్లో ముసలమ్మలు ఎక్కి దిగుతుంటే "ఊరికే వచ్చింది కదా అని తిరుగుతున్నారు" అని ఎవరైనా అన్నట్టు నా చెవిన పడలేదు. ఆ దేశపు ఆడవాళ్ళకు మాత్రం అన్నీ వడ్డించిన విస్తరి అనుకోకండి. ఇంటి విషయాల్లో భార్యాభర్తలకు చట్టంలో సమాన స్థానం వచ్చింది 1993లోనే. విడాకుల చట్టం వచ్చింది 2011లో. అందుకే ఒంటరిగా బస్సెక్కే ముసలమ్మను చూస్తే నాకు గౌరవం.

మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాయి. అప్పట్నుంచీ వాట్సాప్‌లో ఎన్ని జోకులు! పనీపాటా లేక తిరుగుతున్నారట, ఉల్లిపాయలకు కూడా పక్క ఊరు వెళ్తున్నారట. ఖర్చు లెక్కల గురించి వాదించండి, బస్సులు చాలడం లేదని అడగండి, అది న్యాయమైన మాట. కానీ "ఎందుకు తిరుగుతున్నారు" అని అడిగే హక్కు ఎవరిచ్చారు? మగవాడు బండి తీసి సందు చివర టీ కొట్టుకు వెళ్తే కారణం చెప్పి వెళ్తున్నాడా? పుట్టింటికో, గుడికో, చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికో, ఊరికే కిటికీ పక్కన కూర్చోడానికో ఒక ఆడది బస్సెక్కితే అది కూడా పనే. ఈ జోకులు పంపేవాళ్ళే "ఆడవాళ్ళు కష్టపడకూడదు" అని కారు తీసుకోమనేవాళ్ళు. వాళ్ళ బాధ మన కష్టం గురించి కాదు, మనం చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళగలిగామని.

అందరికీ మాల్టా వెళ్ళే స్తోమత ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. అన్నవరం కావచ్చు, నాగార్జునసాగర్ కావచ్చు, పాపికొండల లాంచీ కావచ్చు. ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చినప్పుడు ఒక రోజు నాది అని చెప్పండి. ఆ రోజు ఏ బస్సు, ఏ పడవ అన్నది మీరే కనుక్కోండి. డబ్బు మీ పర్సులో పెట్టుకోండి, టికెట్టు మీరే కొనండి. తోడు వస్తామంటే రానివ్వండి, రాకపోతే ఆగకండి. పొద్దున కాఫీ ఎవరు పెడతారని అడిగితే పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పండి చాలు.