మన కోడ్ మన చేతిలో ఉండాలి

నల్లగొండ, పాలమూరు జిల్లాల విద్యార్థులకు, అధ్యాపకులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఫైనలియర్ ప్రాజెక్టు రికార్డు ఒకటి తెరిచి చూడండి. గైడు సంతకం, హెచ్‌వోడీ సంతకం, కాలేజీ ముద్ర అన్నీ ఉంటాయి. అసలు కోడ్ దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల ఒక గిట్‌హబ్ లింకు కనబడుతుంది. రేపు ఆ లింకు పనిచేయకపోతే కాలేజీకి మిగిలేది బైండింగ్ చేయించిన కాగితాలే.

గిట్ వేరు, గిట్‌హబ్ వేరు. కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే పనిముట్టు గిట్; ఆ కోడ్‌ను దాచిపెట్టే ఒక కంపెనీ సైటు గిట్‌హబ్. క్లాసులో ఈ సంగతి గట్టిగా చెప్పాలి. లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు 2002 నుంచి ఇలాంటి పనికే బిట్‌కీపర్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకున్నారు. 2005లో కంపెనీ ఆ ఉచితాన్ని ఆపేసింది. పని నడిమధ్యలో ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. దాన్ని ఎవరైనా ఎక్కడైనా నడుపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాంటి పనిముట్టును మనం మళ్లీ ఒకే కంపెనీ సైటులో పెట్టి వాడుతున్నాం.

ఆ సైటును 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటేడు జులైలో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్లు తమ ప్రైవేటు రిపోజిటరీలు తామే తెరవలేకపోయారు. అది వేరే దేశాల గొడవ అనుకోవద్దు. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీ మీద 2025 జులైలో యూరప్ ఆంక్షలు పెట్టింది. వెంటనే ఆ సంస్థకు మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. అవి డబ్బు కట్టి తీసుకున్న సేవలు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక గాని తిరిగి రాలేదు. నయారాకు లాయర్లున్నారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చి చదువుకునే పిల్లల తరఫున ఎవరు కోర్టుకెళ్తారు?

ఆంక్షలే రానక్కర్లేదు. గిట్టుబాటు కాదనుకుంటే చాలు. కోడ్ దాచుకునే ఇలాంటి సైటే అయిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. ప్రభుత్వ ఆదేశం వచ్చినా అంతే. మన కేంద్ర ప్రభుత్వం 2014 డిసెంబరులో గిట్‌హబ్‌తో సహా 32 సైట్లను ఆపమని ఆదేశించింది. అందరి కోడూ ఒకేచోట ఉంటే ఒక్క ఆదేశంతో అందరి పనీ ఆగుతుంది.

తల్లిదండ్రులకు ధరణి సంగతి చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో మొదలైన ఆ పోర్టల్ నిర్వహణ టెర్రాసిస్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. భూమి రికార్డులు ప్రైవేటువాళ్ల దగ్గరేమిటన్న విమర్శ గట్టిగానే వచ్చింది. 2024లో ప్రభుత్వం ఆ బాధ్యతను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి అప్పగించింది. పట్టా గురించి అడిగిన ఆ మాటే పిల్లల పని గురించీ అడగండి.

ఉద్యోగమిచ్చేవాళ్లు గిట్‌హబ్ ప్రొఫైల్ చూస్తారు కదా అంటారు. నిజమే. అక్కడ ఒక కాపీ పెట్టుకోండి, తప్పు లేదు. అసలు ప్రతి మాత్రం మన దగ్గర ఉండాలి.

ఈ వారమే మీ రిపోజిటరీ మీద గిట్ క్లోన్ కమాండును మిర్రర్ ఆప్షన్‌తో నడపండి. అన్ని బ్రాంచీలు, ట్యాగులు, మొదటి కమిట్ నుంచి చరిత్ర అంతా మీ డిస్కులోకి వస్తుంది. కానీ ఇష్యూలు, పుల్ రిక్వెస్టుల కింద జరిగిన చర్చ రావు. అవి కంపెనీ డేటాబేసులో ఉంటాయి. మీ జూనియర్లకు ఎక్కువ పనికొచ్చేది ఆ చర్చే. అందుకే ల్యాప్‌టాప్‌లో కాపీ ఒక్కటే చాలదు, సొంత సర్వర్ కావాలి.

అది పెద్ద ఖర్చేమీ కాదు. అలాంటి సర్వర్ నడిపే ఫోర్జేయో అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ల్యాబులో పక్కన పెట్టిన కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. జర్మనీలో కోడ్‌బర్గ్ అనే లాభాపేక్ష లేని సంఘం సైటు దానిమీదే నడుస్తోంది. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థ గిట్‌ల్యాబ్‌తో సొంత కోడ్ సర్వర్ పెట్టుకుంది.

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం కలిసి ఇలాంటి సర్వర్ పెట్టాలి. ఒకరి బ్యాకప్ మరొకరి దగ్గర ఉంచుకోవాలి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల పిల్లలకూ అందులో ఖాతాలివ్వాలి. ప్రాజెక్టు సమర్పణకు గిట్‌హబ్ ఖాతా తప్పనిసరి అనే షరతు ఎక్కడున్నా తీసేయాలి. సర్వర్‌ను చూసుకునే పని విద్యార్థులకే అప్పగించి, దానికి ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు ఇవ్వాలి.

వచ్చే ఏడాది ప్రాజెక్టు రివ్యూలు మొదలయ్యేలోపు ఈ సర్వర్ నడవాలి. మీ ప్రిన్సిపాల్‌కు ఇవ్వబోయే వినతిపత్రం మీద సంతకం చేయండి.