మన కుర్రోడు తెరమీద ఎప్పుడు పెద్దోడవుతాడు?

చుండూరు గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. 1991 జులైలో ఓ దళిత యువకుడి కాలు పెద్దకులపాయనకు తగిలింది. ముందు సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న మనవాళ్లని వెంటపడి నరికారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అందుకే సినిమా మనకు వట్టి కాలక్షేపం కాదు. నేల టిక్కెట్టు కొని ఈలలేసింది మనం, హీరోల కటౌట్లకు దండలేసింది మనం. తెరమీద మాత్రం మనం లేం.

ఈమధ్య కుర్రాళ్లు ఎదిగే కథలు ఎక్కువయ్యాయి. 2007లో ‘హ్యాపీ డేస్’ చూసి నవ్వాం. 2023లో ‘మ్యాడ్’ చూసి ఇంకా నవ్వాం. ఇంటికొచ్చాక ఒక్కటే అనుమానం. అంత పెద్ద కాలేజీలో ఎస్సీ కోటాలో సీటొచ్చిన కుర్రోడు ఒక్కడూ కనపడడేం? ‘నీ ర్యాంకెంత’ అని అడిగి కులం కూపీ లాగే ఆ మొదటిరోజు ఏదీ? మన కుర్రోడు పెద్దోడయ్యేది ఆ రోజునే కదా!

మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో ‘ఫ్యాండ్రీ’ తీశాడు. కైకాడీల మాటలో ఫ్యాండ్రీ అంటే పంది. జబ్యాకి బడిలో చదివే పెద్దకులం పిల్ల శాలు మీద మనసు. ఆ పిల్ల చూస్తుండగానే పందిని తరమాల్సొస్తుంది. బడి నుంచి జాతీయగీతం వినపడితే ఇంటిల్లిపాదీ కదలకుండా నిలబడిపోతారు. పందికి ఆ మర్యాద తెలీదు, పారిపోతుంది. చివరికి దాన్ని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక గోడమీద అంబేడ్కర్, ఫూలే బొమ్మలు. ఆఖర్న జబ్యా విసిరిన రాయి తిన్నగా చూసేవాళ్ల మొహం మీదికే వస్తుంది.

తమిళంలో మారి సెల్వరాజ్ 2024లో తీసిన ‘వాళై’ తన చిన్ననాటి గోడే. శివనైందన్‌కి టీచరమ్మంటే ప్రాణం, రజనీ అంటే ప్రాణం. సెలవొస్తే మాత్రం అరటిగెలలు మొయ్యాలి. ఒక్కరోజు డ్యాన్సు కోసమని పని ఎగ్గొట్టాడు. ఆ రోజే కూలీల లారీ బోల్తాపడి అక్క పోయింది. ఆ ఏడుపుల మధ్య పిల్లాడికి ఆకలేస్తుంది. ఆకలి ఎరిగినోడే తియ్యగలిగిన సీను అది.

మరి తెలుగులో? 2020లో ‘కలర్ ఫొటో’ వచ్చింది, జాతీయ అవార్డు కూడా కొట్టింది. పాలుపోసే కుర్రోణ్ని హీరోని చేశారు, సంతోషం. కానీ కులం అనాల్సిన చోట రంగు అన్నారు. నల్లనోళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ఒంటి నలుపు చూసి ఎవరినీ ఊరవతల పెట్టరు. 2021లో ‘ఉప్పెన’ పరువు పిచ్చిని బాగానే చూపింది. అక్కడ జాలరి కుర్రోడి మగతనం కోసేశారు, ఇక్కడ పాలకుర్రోణ్ని చంపేశారు. కిందోడు హీరో అయితే ప్రేమించాలి, నరకబడాలి. డిగ్రీ పాసై పట్టా పట్టుకుని ఇంటికి రాకూడదా?

ఇంకోమాట, ఇది మనవాళ్లతోనే. జబ్యాకి అక్కలున్నారు. శివనైందన్‌కీ అక్క ఉంది. వాళ్లెలా పెద్దయ్యారో మంజులే చెప్పలేదు, మారీ చెప్పలేదు. మనమూ అడగలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ట్రంకుపెట్టె దిండుకింద పెట్టుకుని చదివిన మన ఆడపిల్ల కథ ఇంకా ఏ తెర మీదికీ రావల్సే ఉంది.

హాస్టళ్లలో చదివిన అక్కలూ చెల్లెళ్లూ, మీ మొదటిరోజు సంగతులు రాసి పంపండి. చేతిరాతైనా, తప్పులున్నా ఫర్వాలేదు. వచ్చే సంచికల్లో వేస్తాం.